సంఘం ఎదగాలంటే ముందు బాక్సులు ఎదగాలి

క్రైస్తవ సంఘం ఎందుకు ఎదగడం లేదన్న ప్రశ్నకు శ్రీకాకుళం జిల్లా కమిటీలు ఎప్పుడో జవాబు కనిపెట్టేశాయి: సౌండు చాలడం లేదు. ముప్పై మంది పట్టే రేకుల షెడ్డు కదా అని చిన్నచూపు తగదు. పదిహేను అంగుళాల స్పీకరు బాక్సులు నాలుగు దించాలి. టెక్కలిలో చేసిన ప్రసంగం పలాసలో వినబడితే ఆ మధ్య ఊళ్ళన్నీ మన సంఘం కిందే లెక్క. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదన్న రూలు సువార్త తెలియనివాళ్ళు రాసుకున్నది.

బాక్సు కుయ్యిమంటుందని కొందరు గొణుగుతారు. బాక్సులోంచి వచ్చిన మాటనే మైకు మళ్ళీ విని యాంప్లిఫయర్‌కి అందిస్తుంది, అది పెంచి మళ్ళీ బాక్సుకి పంపిస్తుంది. కూత అందుకే. బాక్సుల్ని మైకు కన్నా ముందుకు జరిపి, మొహం జనం వైపు తిప్పి, వెనక బోడిగోడకి రెండు పాత బొంతలు వేలాడదీస్తే చాలావరకు ఆగుతుంది. కానీ బొంతకి రసీదు ఉండదు. రసీదు లేని పనిని ఏ కమిటీ అయినా తీర్మానంలో ఎలా రాస్తుంది? అందుకని సౌండు హెచ్చుతగ్గులు సర్దే ఈక్వలైజర్ కొంటారు.

పాటల సంగతీ అంతే. తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలకి పుస్తకంలో పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పాపం ఆయనకి రిథమ్ ప్యాడ్ దొరకలేదు. ఇప్పుడు కీబోర్డు కుర్రాడు తన గొంతుకి సరిపడా శ్రుతి పెట్టుకుంటాడు, చరణం వచ్చేసరికి ముసలమ్మలు నోరు మూసుకుంటారు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు కిందికి నొక్కితే అందరూ పాడతారు. అందరూ పాడితే కుర్రాడి గొంతు ఎవరికి వినబడాలి?

ఇక పిడికెడు బియ్యం అనే పాతకాలపు అలవాటు. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు మందిరానికని ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. పిడికిట్లో 40 గ్రాములు పట్టాయనుకుంటే, రెండు పూటలా కలిపి వారానికి అరకిలో పైమాట. ఇరవై అయిదు ఇళ్ళకి 14 కిలోలు. డబ్బాకి మూత బిగుతుగా లేకపోతే పురుగు పడుతుంది. కోటా బియ్యం, సన్నబియ్యం ఒకే బస్తాలో కలిపేస్తే కొనేవాడు కోటా ధరే ఇస్తాడు. అందుకని రెండు సంచులు పట్టుకెళ్ళాలి. ఆ సంచులతో గడపగడపకీ తిరిగే స్త్రీల సమాజం ఆవిడ గుమ్మంలో కాసేపు నిలబడుతుంది. "ఏటమ్మా, ఆదివారం రానేదు? ఒంట్లో బాగోనేదా?" అని అడుగుతుంది. ఎవరింట్లో జ్వరమో, ఎవరి మగడు చెన్నై పనికి వెళ్ళి డబ్బు పంపడం మానేశాడో సాయంత్రానికల్లా పాస్టరు అయ్యగారికి తెలిసిపోతుంది. ఇంత ఊరి గోల మందిరానికి ఎందుకని ఇప్పుడు గోడకి క్యూఆర్ కోడ్ అంటించారు. అది ఎవరినీ ఏమీ అడగదు.

పంట కానుకలు వేలం వేసే కోత పండుగలో మాత్రం మన అభివృద్ధికి తిరుగులేదు. గుమ్మడికాయ రెండువేలు పలుకుతుంది, చప్పట్లు మోగుతాయి, వేలం పాడినవాడి పేరు నోటుబుక్కులో ఎక్కుతుంది, డబ్బు మాత్రం సంక్రాంతి దాటినా రాదు. కోశాధికారి దాన్ని రాబడి పద్దులోనే రాసుకుంటాడు. కానుకల సంచిని ఆరాధన అవ్వగానే చాప మీద కుమ్మరించి, ముగ్గురు లెక్కపెట్టి, సంతకాలు చేసి, పై ఆదివారం మొత్తం చదివి వినిపించే సంఘాలూ ఉన్నాయిలెండి. వాళ్ళకి నమ్మకం తక్కువ.

హాజరు ఫొటో క్రిస్మస్‌కో సంక్రాంతికో తీయాలి. పనుల కోసం హైదరాబాదు, గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళినవాళ్ళంతా దిగిపోయి ఉంటారు, ఫ్లెక్సీ నిండుతుంది. మిగతా రోజుల్లో వంద ప్లాస్టిక్ కుర్చీలు వేయాలి, చాపలు పనికిరావు. చాప మీద ముప్పై మంది కూర్చుంటే మందిరం నిండినట్టు కనబడి, కొత్త బాక్సుల అవసరమే లేదనిపిస్తుంది.

అన్నట్టు, ఆ బాక్సుల మొదటి వాయిదా ఏ పద్దులోంచి కట్టారని అడిగితే కోశాధికారి పుస్తకం తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, మైకు లేకుండా మెల్లిగా చెబుతాడు: "బియ్యం పద్దు."