కార్నే దొరవారికి బండివాళ్ళ విన్నపం

మహారాజశ్రీ కార్నే దొరవారి సముఖమునకు,

హైదరాబాద్ నుంచి లండన్‌కో కేప్‌టౌన్‌కో బైకు మీద పోదామనుకునేవాళ్ళు సైడు పెట్టెలు అల్యూమినియంవా, గుడ్డవా అని నెలల తరబడి వాదించుకుంటారు. టైర్ల మీద ఇంకొన్ని నెలలు. బండిని పరాయి దేశంలోకి తాత్కాలికంగా తీసుకుపోవడానికి కస్టమ్స్‌కు చూపించే హామీ పుస్తకం తమరు. అలాంటి తమరు గుర్తొచ్చేది మాత్రం బండిని ఓడకెక్కించే ముందు వారం. అప్పుడు తమరికి కోపం రావడం న్యాయమే.

తమరి వంశం గొప్పదే. సొంత వాహనాల తాత్కాలిక దిగుమతి మీద 1954లో న్యూయార్క్‌లో కుదిరిన ఒడంబడిక అండ ఉంది. ఈ బండిని మీ దేశంలో అమ్ముకోము, వెనక్కి తీసుకుపోతాము, లేదంటే సుంకం కడతాము అని పరాయి కస్టమ్స్‌కు మాటిచ్చేది తమరు. మాట తమరిది, సొమ్ము మాది. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంస్థ తమరిని మా చేతికివ్వాలంటే బండి విలువనూ, తిరగబోయే దేశాలనూ బట్టి బ్యాంకు గ్యారంటీయో డిపాజిట్టో చూపించాలి. అది బండి ఖరీదును దాటినా దాటొచ్చు. పెట్రోలు లెక్క రాసుకునే ముందే ఈ ఇరుక్కుపోయే డబ్బు లెక్క రాసుకోవాలి. ఎవరూ రాసుకోరు.

పోనీ తమరి దర్బారు లోకమంతా సాగుతుందా అంటే, లేదు. యూరప్, మధ్య ఆసియా, దక్షిణ అమెరికా తమరి మొహం కూడా చూడవు. టర్కీలో బండిని యజమాని పాస్‌పోర్టు మీద కంప్యూటర్లో ఎక్కించి పంపేస్తారు. ఇరాన్, ఈజిప్టు గేట్ల దగ్గర మాత్రం తమరు లేనిదే పని జరగదు. దారిలో అలాంటి దేశం ఒక్కటున్నా తమరిని మోయాల్సిందే.

ఇక తమరి మొదటి పేజీ. సిలిండర్లెన్ని, సీట్లెన్ని, సరే. లోపలి సీటు గుడ్డ, రేడియో, స్పేరు టైర్లు! కార్ల కాలంలో అచ్చేసిన ఆ గళ్ళను బైకుకు ఎలా నింపాలో తమరే సెలవివ్వాలి. నవ్వుకుని వదిలేయొచ్చు గానీ, ఛాసిస్ నంబరు గడిని వదలకూడదు. హెడ్‌స్టాక్ మీద, అంటే హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద, కొట్టిన 17 అక్షరాలనూ అంకెలనూ పెన్సిలు రుద్ది కాగితం మీదికి దించుకుని, ఆర్‌సీతోనూ తమరితోనూ ఒక్కొక్కటే పోల్చాలి. ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు రావు. ఎక్కడైనా ఓ కనబడితే అది సున్నాకు పడ్డ టైపింగు తప్పు. దారిలో ఇంజను మార్చినా చిక్కే, ఎందుకంటే ఇంజను నంబరు కూడా తమరి కడుపులోనే ఉంది.

తమరి అసలు చమత్కారం లోపలి పేజీల్లో ఉంది. ఒక్కో పేజీ మూడు ముక్కలు. దేశంలోకి వెళ్ళేటప్పుడు కింది ముక్క చించుకుంటారు, బయటికొచ్చేటప్పుడు మధ్య ముక్క. పై ముక్క తమరి దగ్గరే ఉండాలి, దాని మీద రాకా పోకా రెండు ముద్రలూ పడాలి. చిన్న సరిహద్దులో, రాత్రి పదకొండింటికి, తమరిని ఎన్నడూ చూడని కుర్ర అధికారి ఏ ముక్క చించాలో తెలియక పై ముక్కకే చెయ్యి వేస్తాడు. అప్పుడు మొహమాటపడకుండా చెయ్యి అడ్డం పెట్టాలి. అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటుంది: పాస్‌పోర్టు మీద ముద్ర పడగానే గేటు లేస్తుంది, బండి కదులుతుంది, కస్టమ్స్ కిటికీ వెనకే ఉండిపోతుంది. పోక ముద్ర లేదు కాబట్టి ఆ దేశం లెక్కలో బండి ఇంకా అక్కడే ఉన్నట్టు. తమరి గడువు తీరాక ఏడాదిలోపు ఎప్పుడైనా సుంకం నోటీసు రావొచ్చు.

బండి దొంగలపాలైనా, లోయలో పడి తుక్కయినా తమరికి జాలి లేదు. తుక్కును పాత సామాన్లవాడికి అమ్మేసి విమానమెక్కితే అది దొంగ దిగుమతి కిందికొస్తుంది. పోలీసు రిపోర్టు తీసుకుని, కస్టమ్స్‌కు అప్పగించో, వాళ్ళ కళ్ళముందు ధ్వంసం చేయించో కాగితం పుచ్చుకోవాలి.

ఆయుష్షేమో ఏడాది, అదీ జారీ తేదీ నుంచి. ముందుచూపు అనుకుని ఆరు నెలల ముందే తీసుకున్నవాళ్ళు సగం ఆయుష్షును బీరువాలోనే ఖర్చు పెట్టేస్తారు. పేజీలూ అంతే. 5, 10, 25 లెక్కన ఇస్తారు. దేశానికొకటి అనుకుని 5 పేజీలది తీసుకుంటే, వీసా కోసం పక్క దేశానికి పోయి మళ్ళీ వచ్చినందుకు ఇంకో పేజీ తినేస్తారు. దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్వానా, లెసోతో, ఎస్వాటినీ ఒకే కస్టమ్స్ కూటమి కావడంతో అయిదింటికీ ఒక్క పేజీతో సరిపెట్టుకుంటారు. తమరి చరిత్రలో దయ అన్నది అక్కడొక్కచోటే కనిపిస్తుంది.

తిరిగొచ్చాక బండి ఓడ దిగిన రేవులో మన కస్టమ్స్ వేసే ముద్ర ఒకటుంటుంది. క్లియరింగు ఏజెంటు మర్చిపోయేది సరిగ్గా దాన్నే. అది పడ్డాకే బండిని రేవు దాటిస్తాము. ఈలోగా తమరి చివరి పేజీ, ముద్ర తప్పినవాళ్ళకు బండి ఫలానా చోట ఉందని అధికారి రాసిచ్చే ఆ ధ్రువపత్రం, ఖాళీగానే ఉండేట్టు దయచూడండి.

ఇట్లు,
డిపాజిట్టు కోసం ఎదురుచూస్తున్న
తమ విధేయ బండివాళ్ళు