మిక్సర్ మీది ఎర్రదీపానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎర్రదీపం గారికి,

ఉభయకుశలోపరి. కమ్యూనిటీ రేడియో స్టూడియోలో, శబ్దాలు కలిపే మిక్సర్ మీద, మోత ఎంతుందో చూపే మీటరు పైగడిలో తమరు కొలువుదీరి ఉన్నారు. శబ్దం గీత దాటితే చాలు, భగ్గుమంటారు. వెంటనే అద్దం అవతలి మనిషి అరచెయ్యి కిందికి ఊపుతూ "మెల్లగా, మెల్లగా" అని సైగ చేస్తాడు. ఎవరికి? ఒగ్గుకథ చెప్పేవాళ్ళకు! కొమురవెల్లి మల్లన్న జాతరలో గొంతెత్తేవాళ్ళకు గుసగుసలు నేర్పే భాగ్యం తమరికే దక్కింది.

అసలు తప్పు కథ మొదలుకాకముందే జరిగిపోతుంది. మైక్ టెస్టింగ్ అంటూ కథకుణ్ణి పేరు చెప్పమంటారు. ఆయన మర్యాదగా, చిన్నగా చెబుతాడు. ఆ గొంతుకు సరిపడా గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, పెట్టేస్తారు. వచనం అయిపోయి పాట ఎత్తుకోగానే డోలు, తాళం, వంతలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. తమరికి జ్వరం, వినేవాళ్ళకు పరపర. టెస్టింగులో అడగాల్సింది పేరు కాదు, కథ మొత్తంలో గట్టిగా వాయించే ఘట్టం. అది డిజిటల్ మీటరు మీద మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు పెట్టి, నాబ్ వదిలెయ్యాలి. పగిలిన శబ్దాన్ని తర్వాత అతికించడం ఎవరి తరమూ కాదు.

"శబ్దం గీత దాటకుండా నొక్కిపట్టే లిమిటర్ ఉందిగా" అంటారు. ఉంది. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా అది డోలుతో పాటు కథకుడి మాటనూ తొక్కుతుంది. మల్లన్న పెళ్ళికి వచ్చిందెవరో సగం ఊళ్ళకు తెలియదు.

మామూలు స్టేజీ మైకుకు ముందువైపే చెవి, వెనకవైపు దాదాపు చెవుడు. కథకుడి నోటికి జానెడు దూరంలో మైకు పెట్టి, డోలును దాని వీపువైపు రెండు మీటర్ల అవతల నిలబెడితే సగం గొడవ తీరుతుంది. దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుందని లెక్క. కానీ ఇరుకు గదిలో గోడలు ఆ లెక్కను సాగనివ్వవు, అందుకే గోడలకు మందపాటి బొంతలు వేలాడదీయాలి. గజ్జెకాలు నేల మీద పడితే ఆ దెబ్బ స్టాండు గుండా మైకులోకి ఎక్కుతుంది. స్టాండు కింద దుప్పటి మడత ఒకటి చాలు.

ఇక డప్పు. మంట మీద కాస్తేగానీ తోలు బిగియదు, చల్లారితే వదులవుతుంది. స్టూడియోలో ఏసీ ఉంటుంది, నిప్పు నిషిద్ధం. ముందు కార్యక్రమం ఇరవై నిమిషాలు సాగిందా, కాచిన డప్పు కాస్తా దబ్‌దబ్ మంటుంది. మోత రాలేదని వాయించేవాడు చిర్ర పుల్లతో ఇంకా గట్టిగా కొడతాడు. నాదం తగ్గింది, తమరు మాత్రం వెలిగారు. రెండు డప్పులు తెప్పించి, ఒకటి వాకిట్లో గడ్డిమంట దగ్గర సిద్ధంగా ఉంచితే ఈ బాధ లేదు. తీగల వాయిద్యం కిన్నెర వచ్చిన రోజు తమరికి సెలవే. ఆ సన్నని మోతకు సొరకాయ బుర్ర పక్కనే వేరే మైకు కావాలి. పొరపాటున డప్పుతో కలిపి ఒకే మైకు ఇస్తే కిన్నెర ఉన్నట్టే తెలియదు.

కమ్యూనిటీ రేడియో నిబంధనల ప్రకారం కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. స్థానికులంటే మైకు ముందు ముడుచుకు కూర్చునేవాళ్ళే అని ఏ నిబంధనలోనూ లేదు. ప్రసారానికి 100 వాట్ల పరిమితి ఉంది, నిజమే. డప్పుకు ఆ పరిమితి లేదు, లైసెన్సు లేకుండానే ఊరంతా వినిపిస్తుంది.

కనుక ఈసారి తమరు వెలిగితే, ఆ అరచేతిని అద్దం వైపు ఊపనివ్వకుండా గెయిన్ నాబ్ మీదికి పంపండి. అది ఎడమకు కూడా తిరుగుతుంది. అటువైపు కొత్తగానే ఉంటుంది, ఎవరూ పెద్దగా వాడలేదు.

ఇట్లు,
రేడియోకు చెవి ఆనించి కూర్చున్నవాళ్ళం