కాలిన చేతికి పేస్టు, అడిగినవాళ్లకు యాసిడ్

ఇంకా చేతులు వణుకుతున్నాయి. పక్క ఫ్లాట్‌లో మూడేళ్ల పాప, నేల మీద పెట్టిన సాంబారు గిన్నెలో చెయ్యి పెట్టేసింది. ఏడుపు విని నేను పరిగెత్తేసరికి మోచేతి దాకా టూత్‌పేస్టు పూసేశారు. కుళాయి కింద పెడదామంటే "నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతాయమ్మా" అని వాళ్ల నానమ్మ నా చెయ్యి తోసేసింది. ఆస్పత్రిలో ఆ పేస్టంతా కడిగి తీస్తుంటే పాప పెట్టిన కేకలు చెవుల్లోంచి పోవడం లేదు. కాలగానే మామూలు కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు వద్దు, ఇంకు వద్దు, దోసెపిండి వద్దు. ఎల్‌కేజీ నుంచి ఇంజినీరింగ్ దాకా ఇన్నేళ్లు చదివిస్తాం, ఇంత చిన్న విషయం ఎవరూ ఎందుకు నేర్పరు?

తిరిగొస్తుంటే సందు మొదట్లో ఫినాయిల్, యాసిడ్ అమ్మే తోపుడుబండి. పదమూడేళ్లు కూడా ఉండవు, ఒక పిల్లాడు కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్ పోయించుకుని ఊపుకుంటూ పోయాడు. బాత్రూమ్ కడగడానికి వాళ్లమ్మ పంపి ఉంటుంది, వాడి తప్పేం లేదు. కానీ 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మొద్దని, కొన్నవాళ్ల పేరు, చిరునామా రాసుకోవాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది కదా! ఆ బండి మీద పుస్తకం ఎవరైనా చూశారా?

వరంగల్ మర్చిపోయామా? 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి ఆ నెలాఖరుకే చనిపోయింది. నిందితులను ఎన్‌కౌంటర్ చేశారు, జనం సంబరాలు చేసుకున్నారు. యాసిడ్ సీసా మాత్రం బండి మీదే ఉండిపోయింది. అప్పటి నుంచీ పేపర్లో "ప్రేమోన్మాది" అని చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. కాదన్న పిల్లను కాల్చేవాడి పేరులో ప్రేమ ఎందుకు?

మా పదో తరగతిలో ఒకడు ఏడాదంతా నా స్నేహితురాలి సైకిల్ వెంట పడ్డాడు. టీచరుకు చెబితే "నువ్వే వేరే దారిలో వెళ్లు" అన్నారు. ఇంట్లో చెబితే చదువు మాన్పించి పెళ్లి చేశారు. వాడు మాత్రం హాయిగా ఇంటర్లో చేరాడు. ఇప్పుడు అదే వేధింపు ఫోన్లోకి వచ్చింది. పాస్‌వర్డ్ ఇవ్వు, ఎవరితో మాట్లాడావు, వదిలేస్తే చచ్చిపోతా, ఫొటోలు బయటపెడతా. అమ్మాయిలు ఇంట్లో ఎందుకు చెప్పరు? చెబితే ముందు ఆగేది వాళ్ల చదువే, అందుకు.

ఈ రాత్రే మీ అమ్మాయితో "ఏం జరిగినా నీ కాలేజీ మాన్పించను" అని చెప్పండి. అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పిల్ల వద్దంటే అక్కడితో ఆగిపోవాలని చెప్పండి. ఆ బండి మళ్లీ ఆదివారం వస్తుంది. నేను సందు మొదట్లోనే నిలబడి ఉంటా.