బలవంతం ఎవరు చేశారట?

ఓసీడీ, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (వద్దన్నా వచ్చే అనుమానాలు, వాటికోసం చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసే జబ్బు; ఆ చేయడాన్నే కంపల్షన్ అంటారు) మీద ఒక మెసేజ్. మా కావలి టెన్త్ క్లాస్ గ్రూపులోకి ఈ వారంలో ఇది మూడోసారి రావడం. “కంపల్షన్ అంటే బలవంతం. నీ గ్యాస్ నువ్వే పదిసార్లు చూసుకుంటూ జబ్బంటావేంది? ఎవరు బలవంతం చేశారు? ఓసీడీ అంటే చాదస్తం. 21 రోజులు మానేస్తే పోతుంది. మాత్రలు వేసుకుంటే బానిసవుతావు. ఇంట్లోవాళ్ళు మాటిమాటికీ సమాధానం చెప్పొద్దు.” కింద వరసగా దండాలు, గులాబీలు.

21 రోజుల లెక్క 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ రాసింది. ఆపరేషన్ అయినవాళ్ళు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందన్నాడాయన. దానికీ దీనికీ ఏం సంబంధం? పోనీండి.

చాదస్తమా? ఛాందసుడంటే ఒకప్పుడు వేదం చదివినవాడు. ఆ మాటే ఇంత దూరం వచ్చింది, కంపల్షన్‌కి మాత్రం డిక్షనరీలో మొదటి అర్థమే ఉండాలా? దాని లాటిన్ మూలానికి పశువుల్ని ఒకచోటికి తోలడమనే అర్థమూ ఉంది. తోలేవాడు బయటే ఉండాలని రూలేం లేదు. ‘ఉండబట్టలేక’ అని మనం రోజూ అంటాం కదా, అప్పుడెవరు బలవంతం చేశారు?

ఓసీడీ ఉన్న మా బావ స్టవ్ దగ్గర నిలబడతాడు. నాబ్ పట్టుకుని “ఆఫ్, ఆఫ్, ఆఫ్, ఆఫ్” అని నాలుగుసార్లు అంటాడు. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే మళ్ళీ మొదటి నుంచీ. స్టేషన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చి నెల్లూరు రైలు తప్పిపోయిన రోజులున్నాయి. గ్యాస్ కట్టేసి ఉందని ఆయనకి తెలుసు. తెలిసీ చేయి ఆగదు. సరదాకి చేస్తున్నాడా అబ్బయ్యా?

అసలు మండింది మాత్రల ముక్కకి. ఈ మెసేజ్ చూసే బావ ఆరో వారంలో మాత్రలు ఆపేశాడు. ఈ జబ్బులో ఆ మందు గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. అవి సారాయిలా బానిసను చేసే మందులు కావు. కాకపోతే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఫార్వర్డ్ చేసిన మహానుభావులు వచ్చి ఆయన పక్కన ఓ రాత్రి కూర్చోండి. లేదా ఈ మెసేజ్ 21 రోజులు పంపకుండా ఉండి చూపించండి.

ఆ మెసేజ్‌లో చివరి మాట మాత్రం నిజం. ‘గ్యాస్ కట్టేశానా’ అని అడిగినప్పుడల్లా సమాధానం చెప్పేకొద్దీ అనుమానం పెరుగుతుందని డాక్టరూ అన్నారు. భయం వేసినా మళ్ళీ చూడకుండా కాసేపు ఓర్చుకోవడం, అది కొద్దికొద్దిగా పెంచుకోవడం, వైద్యంలో పెద్ద భాగం అదేనట.

నిన్న ఆయన స్టేషన్ నుంచి ఫోన్ చేస్తే నాబ్ ఫోటో తీసి పంపింది నేనే. రెండుసార్లు.