ఫోన్ పక్కన పెట్టండి, ముందు క్యూఆర్ స్కాన్ చేయండి

పాలమూరులో ఓ డిగ్రీ కాలేజీ వాళ్లు పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఒక్క పూటలో, అదీ భోజనాలకు ముందే, బాగుచేసి పారేశారు. కార్యక్రమం పేరు ‘డిజిటల్ డిటాక్స్’. కబురు వాట్సాప్ గ్రూపులో, రిజిస్ట్రేషన్ గూగుల్ ఫారంలో, హాజరు క్యూఆర్ కోడ్‌తో. ఫోన్ లేనివాడు ఆబ్సెంట్. ఫోన్ వ్యసనం నుంచి బయటపడే అర్హత వాడికెక్కడిది!

ముఖ్య అతిథి గారు గంటంబావు ఆలస్యంగా వచ్చారు. అంతసేపూ హాలు నిండా కూర్చున్న పిల్లలు ఏం చేశారో చెప్పక్కర్లేదు, రీల్స్ చూశారు. వచ్చీ రాగానే ఆయన జేబులోంచి ఫోన్ తీసి, అందులో చూసుకుంటూ ఫోన్ ఎంత ప్రమాదమో చదవడం మొదలుపెట్టారు. మధ్యలో దానికే కాల్ వచ్చింది. “ఆఁ అన్నా, మీటింగ్‌ల ఉన్న” అని మైకులోనే చెప్పి వెతుక్కుంటే, ప్రసంగం పోయి ఎవరిదో పెళ్లిపత్రిక దొరికింది. ఓ లెక్చరర్ పరుగున వెళ్లి వెతికిపెట్టాడు. ఇదంతా కాలేజీ ఇన్‌స్టాలో లైవ్. చూసేవాళ్లు తక్కువయ్యారని “జర అందరు జాయిన్ కాండ్రి” అని హాల్లో ఉన్నవాళ్లకే ఆర్డరు. ఇక ప్రతిజ్ఞ. లైట్లు ఆర్పించి, అందరి చేతా ఫోన్ టార్చీలు వెలిగించి పైకెత్తించి, ‘నేటి నుంచి ఫోన్ తగ్గిస్తాం’ అనిపించారు. వీడియో సరిగా రాలేదని మళ్లీ అనిపించారు.

రాత్రి మూడింటిదాకా రీల్స్ చూస్తే నిద్ర చెడుతుంది, నిద్రతో పాటు మనసూ చెడుతుంది. ఎవరు కాదన్నారు? కానీ డిగ్రీ సీటు ‘దోస్త్’ వెబ్‌సైట్లో, స్కాలర్‌షిప్ ‘ఈపాస్’ వెబ్‌సైట్లో, హాల్‌టికెట్టూ రిజల్టూ ఫోన్లోనే పెట్టి, ఫోన్ ముట్టుకోవద్దంటే ఎట్లా సార్?

అతిథి గారు ఇంకో మాటన్నారు: “ఫోన్ మిమ్మల్ని అమ్మానాన్నలకు దూరం చేసింది.” పాలమూరులో నిలబడి అన్నారు! ఇక్కడ అమ్మానాన్నలను దూరం చేసింది ఫోనా? ముంబైకో పుణేకో కూలికి పోయిన తల్లి ముఖం రాత్రి కాసేపు కనిపించేదే ఆ ఫోన్లో.

విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చి హాస్టల్లో ప్రాణం పోగొట్టుకున్న 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది: 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలని. ఈ కాలేజీలో ఉన్నారా? లేరు. కౌన్సెలర్‌కు నెలనెలా జీతమివ్వాలి, ఫోన్‌ను తిట్టడం ఉచితం. సర్కారు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని పిల్లల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. అవి చేతిలో లేక ఉద్యోగం చేజారిన పిల్ల ఆఫీసు ముందు ఏడుస్తుంటే ‘ఇన్‌స్టా ఎక్కువైంది’ అంటారు. సిగ్గు లేదూ?

2022 అక్టోబరులో కేంద్రం ‘టెలీ మానస్’ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ పెట్టింది. 14416కు చేస్తే అర్ధరాత్రయినా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. స్టేజీ వెనక అంత పెద్ద ఫ్లెక్సీ కట్టారు కదా, ఆ అయిదంకెలు వేయించకపోయారా అని అడిగితే, యాజమాన్యం ఫొటోలకే చోటు చాల్లేదట.