నలభై దాటాక వర్ణ సాధన

నలభై దాటినవారు కర్ణాటక సంగీతం నేర్చుకోవడం ఇప్పుడు వింత కాదు. కరోనా లాక్‌డౌన్ నాటినుంచి తెలుగు ఇళ్లలో ఆన్‌లైన్ పాఠాలు మామూలయ్యాయి. తెల్లవారుజామున ఆఫీసు పనులు మొదలుకాకముందు హైదరాబాదులో ఒకరు, రాత్రి పిల్లలు నిద్రపోయాక న్యూజెర్సీలో ఒకరు తంబురా యాప్ పెట్టుకుని సాధనకు కూర్చుంటున్నారు. వీరికి ఇంట్లోవాళ్లు, స్నేహితులు, చివరికి గురువులు సైతం చెప్పే మాట ఒకటుంది: ‘ఈ వయసులో ఇంత వస్తే చాలు.’ ప్రేమతో అనే మాటే అది. అయినా నడివయసు విద్యార్థిని ఎదగనివ్వనిది వయసుకంటే ఆ మాటేనని, సంగీతం మళ్లీ పట్టుకున్నవారు నిన్నటికంటే రేపు బాగా వాయించి తీరాలనే పట్టుదలతోనే కూర్చోవాలని నా వాదన.

ఏడో తరగతి దాకా ఫిడేలు నేర్చుకుని, గీతాలు పూర్తయి స్వరజతి మొదలయ్యే సమయానికి చదువు పేరుతో మానేసిన ఎందరో పిల్లల్లో నేనూ ఒకడిని. పెట్టె అటకెక్కింది. ముప్పై తొమ్మిదో ఏట దించి చూస్తే తీగలు తుప్పుపట్టి, కమాను వెంట్రుకలు సగం ఊడిపోయి ఉన్నాయి. బాగుచేయించి, ఇంటికి దగ్గర్లో ఒక మాస్టారి దగ్గర చేరాను. మొదటి మూడేళ్లలో పాతిక దాకా కృతులు ‘వచ్చాయి’. కొత్త పాట మొదలుపెట్టడం, పల్లవి, అనుపల్లవి ఎలాగో వాయించడం, చరణంలో కష్టమైన సంగతి (ఒకే పంక్తిని మార్చి మార్చి పలికే మలుపు) రాగానే దాన్ని వదిలేసి తేలికైన సంగతితో ముగించడం, ఇదీ నా పద్ధతి. మాస్టారు ఏమీ అనేవారు కారు. నలభై ఏళ్ల మనిషిని మళ్లీ సరళీ స్వరాలకు, అంటే మొట్టమొదటి పాఠాలకు, పొమ్మనడానికి ఆయనకు మొహమాటం, తప్పెక్కడో చెప్పమని అడగడానికి నాకు నామోషీ. ఒకరోజు ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను. మాయామాళవగౌళ రాగంలో నా రిషభం (సరిగమల్లో ‘రి’) ప్రతిసారీ ఉండవలసిన చోటుకంటే కొద్దిగా పైన పలుకుతోంది. మూడేళ్లుగా అలాగే పలుకుతోందని, నాతోపాటు ఇంట్లో అందరూ దానికే అలవాటుపడ్డారని ఆ పూట తెలిసింది.

ఈ ఒక్క స్వరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వీణకు 24 మెట్లున్నాయి. ఫిడేలుకు ఒక్క మెట్టూ లేదు, స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. మన పద్ధతిలో నాలుగు తీగలనూ మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమాలకు శ్రుతి చేస్తారు. మాయామాళవగౌళలో శుద్ధ రిషభం షడ్జమానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి చూపుడువేలిని బాగా వెనక్కి లాగాలి. అంతర గాంధారం దూరంగా ఉంటుంది కాబట్టి మధ్యవేలిని బాగా ముందుకు చాపాలి. శుద్ధ మధ్యమానికి ఉంగరపు వేలు దాని పక్కనే వాలాలి. పక్కనున్న పంచమం తీగమీద ధైవతం, నిషాదం, షడ్జమాలకు సరిగ్గా ఇదే పట్టు మళ్లీ వస్తుంది. మొదటి పాఠాలకు ఈ రాగాన్నే నిర్ణయించిన ఘనతను సంప్రదాయం పురందరదాసుకు ఇస్తుంది. ఆ నిర్ణయంలోని లోతు నాకు నలభై రెండో ఏట అర్థమైంది. ఒక వేలు సరిగ్గా కుదిరితే సప్తకమంతా కుదురుతుంది, ఆ వేలు తప్పితే ఆ తప్పు అష్టమ స్వరం దాకా వెంట వస్తుంది. ‘అనగా అనగా రాగం, తినగా తినగా రోగం’ అని మన సామెత. తప్పు రిషభాన్ని మూడేళ్లు అంటే అదీ రోగమే అవుతుంది, అంత గట్టిగానూ పాతుకుంటుంది.

అందుకే సరళీ స్వరాలకు వెళ్లాను, మాస్టారిని నేనే అడిగి. జంట స్వరాలు, ఏడు తాళాల అలంకారాలు, మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ. ఎనిమిది నెలలు పట్టింది. ఆ తరువాత కొత్త కృతి జోలికి పోకుండా మోహన రాగంలో ఒక వర్ణం పట్టుకున్నాను. మాటలు తక్కువగా, స్వరాలు ఎక్కువగా ఉండే సాధన రచన వర్ణం. వర్ణాన్ని మన పెద్దలు ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో చేసి చూస్తేగాని తెలియదు. కృతిలో సాహిత్యం, భావం, రాగం పేరు మన లోపాలను కప్పేస్తాయి. రాళ్లమీద నడిచినట్టు కాస్త తడబడినా వినేవారు పాటను గుర్తుపట్టి తల ఊపుతారు. వర్ణంలో ఆ ఆసరా లేదు. ముక్తాయి స్వరం (వర్ణం మొదటి సగాన్ని ముగించే స్వరభాగం) మొదటి కాలంలో బాగా వచ్చిందనిపించి రెండో కాలానికి వెళ్తే, ఏ గమకాన్ని (స్వరాన్ని ఊపి పలికే తీరును) నిజంగా పలికించామో, ఏ గమకాన్ని ఉత్త కంపనతో సరిపెట్టామో వెంటనే బయటపడుతుంది. వర్ణం ఒక పరీక్ష యంత్రం వంటిది, రోజూ అదే చెబుతుంది, రోజూ నిజమే చెబుతుంది. నడివయసు విద్యార్థికి కావలసింది అదే, ఎందుకంటే అతనికి నిజం చెప్పేవారు చుట్టూ ఎవరూ ఉండరు.

సాధన అంటే ఎక్కువసేపు వాయించడమని మనలో చాలామంది అనుకుంటారు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త అండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనాన్ని లోకం ‘పది వేల గంటలు’ అన్న ఒక్క అంకెగా గుర్తుపెట్టుకుంది. ఆ పరిశోధకులు నొక్కిచెప్పింది వేరే విషయం: రాని దాన్ని ఏరి పట్టుకుని, తప్పు తెలిసే ఏర్పాటు చేసుకుని, దాన్ని సరిదిద్దడంకోసమే చేసే అభ్యాసం మనిషిని మెరుగుపరుస్తుంది, అది చేసేటప్పుడు అంత హాయిగా ఉండదు. దీన్ని మన ఇళ్లకు అన్వయించుకుంటే లెక్క చాలా ఆశాజనకంగా ఉంటుంది. రోజుకు 40 నిమిషాలు ఈ పద్ధతిలో కూర్చుంటే ఏడాదికి 240 గంటలు దాటుతుంది. నలభై అయిదేళ్ల మనిషికి డెబ్భై వచ్చేసరికి అది ఆరు వేల గంటలు. ఆ ఆరు వేల గంటలూ వచ్చిన పాటలే తిప్పితిప్పి వాయిస్తే చేయి ఉన్నచోటే ఉంటుంది. రాని సంగతిమీద పెడితే ఆ చేతికి వృత్తి కళాకారుడి వేగం రాకపోవచ్చుగాని, నాదంలో శుద్ధి, కాలంలో నిలకడ తప్పక వస్తాయి.

దీనికి ఎదురు వచ్చే వాదన నాకు తెలుసు. చిన్నప్పుడు మొదలుపెట్టినవారి వేళ్లు వేరు, పెద్దవారివి వేరు అంటారు. అందులో సత్యం లేకపోలేదు. తీగవాద్యకారుల మెదడులో ఎడమచేతి వేళ్లకు కేటాయించిన భాగం విస్తరిస్తుందని, ఎంత చిన్న వయసులో నేర్చుకుంటే అంత ఎక్కువగా విస్తరిస్తుందని 1995లో ఒక పరిశోధన చూపించింది. ఉద్యోగంలో టార్గెట్లు, ఇంట్లో బాధ్యతలు మోస్తున్న మనిషి సంగీతాన్నైనా హాయిగా ఉండనివ్వాలనీ అంటారు. ఆ ఆలోచనను గౌరవిస్తాను, కానీ అనుభవం అందుకు వ్యతిరేకంగా ఉంది. మూడేళ్లు హాయిగా వాయించిన రోజుల్లో పెట్టె మూసేటప్పుడు నాకు ఏదో వెలితిగా ఉండేది. వర్ణం రెండో సగంలోని చిట్టస్వరంలో రెండు ఆవర్తాలు (తాళపు చుట్లు) రెండో కాలంలో శుద్ధంగా పలికిన రాత్రి వచ్చిన తృప్తి అంతకుముందు పాతిక పాటలూ ఇవ్వలేదు. పిల్లలకు లేనివి పెద్దవారికి కొన్ని ఉన్నాయి కూడా. ఎనిమిదేళ్ల పిల్ల ‘నన్ను బ్రోవవేల’ అన్న మొరను చిలకలా అంటుంది. నలభై అయిదేళ్లు బతికిన మనిషికి ఆ మొర ఎందుకు పెడతారో తెలుసు. మిశ్రచాపు ఏడు అక్షరాలు మూడు, నాలుగుగా ఎలా విడిపోతాయో ఒక్కసారి చెబితే గ్రహిస్తాడు. తన తప్పును తాను విని పట్టుకోగలడు.

పొట్టకూటికి వేరే వృత్తి ఉన్నంతమాత్రాన సంగీతంలో రాజీపడనక్కర్లేదని చూపించడానికి మన తెలుగునేల మీద శ్రీపాద పినాకపాణి గారికంటే పెద్ద ఉదాహరణ లేదు. 1913లో శ్రీకాకుళం ప్రాంతపు ప్రియాగ్రహారంలో పుట్టిన ఆయన వృత్తిరీత్యా వైద్యులు. వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పి, కర్నూలులో స్థిరపడి, 2013లో నూరో ఏట కన్నుమూశారు. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం ఆయన దగ్గర నేర్చుకున్నవారే. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో ఆయనకు సంగీత కళానిధి బిరుదిచ్చింది. ఆయన చిన్ననాటినుంచీ సాధన చేసినవారు, అసాధారణ ప్రతిభావంతులు. ఆ స్థాయిని మనమెవరమూ పోల్చుకోలేం. కానీ రోజంతా రోగులను చూసే డాక్టరు ఒక సంగతిని పాఠాంతరాలతో (ఒక్కొక్కరు పాడే తీరులోని తేడాలతో) సహా తేల్చుకునేదాకా వదలకపోవడం మనకు అందే విషయమే. ‘మాకు టైమెక్కడిది’ అనే ముందు ఆయనను ఒకసారి తలచుకోవాలి.

ఇదంతా ఒక మనిషి, ఒక ఫిడేలు మధ్య వ్యవహారమే అయితే ఇంత రాయనక్కర్లేదు. నన్ను అంతకంటే ఎక్కువగా కలచివేసేది మన వినికిడి. త్యాగరాజు, శ్యామశాస్త్రి ప్రధానంగా తెలుగులోనే రాశారు, క్షేత్రయ్య పదాలు మనవి, కచేరీల్లో పాడే వర్ణాల్లో చాలావాటి సాహిత్యం తెలుగు. అయినా డిసెంబరు కచేరీల కాలం వచ్చిందంటే ఈ సంగీతానికి రాజధాని చెన్నై. అక్కడి గాయకులు తెలుగు మాటలను విరుస్తున్నారని ప్రతి ఏడాదీ మనం బాధపడతాం. ఆ బాధ న్యాయమైనదే. కానీ చెన్నైలో ఆ కచేరీలను నిలబెడుతున్నది వేదిక మీదివారొక్కరే కాదని మనం గమనించాలి. ముందు వరసల్లో తొడమీద తాళం వేస్తూ కూర్చున్న బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, గృహిణులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు రాగాన్ని మొదటి సంచారంలోనే గుర్తుపడతారు, కారణం వారిలో చాలామంది ఏదో ఒకనాడు వర్ణం దాకా నేర్చుకున్నవారే. శ్రోత చెవి సాధనతోనే తయారవుతుంది. తోడి రాగంలో గాంధారం కోసం నెలరోజులు పెనుగులాడిన మనిషి, దాన్ని అవలీలగా ఊపి నిలిపిన విద్వాంసుడికి చేసే నమస్కారం వేరుగా ఉంటుంది.

మనకు అలాంటి శ్రోతలు ఒకప్పుడు ఊరూరా ఉండేవారు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు ఆచార్యులుగా ఉన్న ఆ ఊళ్లో సంగీతం మామూలు మనుషుల మాటల్లోకి కూడా వచ్చింది. భజన గోష్ఠుల్లో గుమాస్తాలు, వ్యవసాయదారులు కలిసి పాడిన దివ్యనామ కీర్తనలు అందరి గొంతుకూ అందేలా కట్టినవే. ఆ తరువాత మనం చదువును ఒకే వయసుకు, ఒకే పరీక్షకు కుదించేశాం. ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ మొదలైన రోజే ఫిడేలు పెట్టె అటకెక్కుతుంది. పదహారేళ్లకు ర్యాంకు, ఇరవై రెండేళ్లకు ఉద్యోగం వచ్చాక మనిషి నేర్చుకోవడం ముగిసిందని ఒక సమాజమంతా నమ్ముతోంది. టీవీ పోటీల్లో పదేళ్ల పిల్లలు పాడితే కన్నీళ్లు పెట్టుకునే మనం, నలభై అయిదేళ్ల మనిషి అలంకారాలు సాధన చేస్తుంటే నవ్వుకుంటాం. ఈ నవ్వు ఆగితేనే అటకమీది పెట్టెలు దిగుతాయి, మన ఊళ్ల సభల్లో ముందు వరసలు నిండుతాయి.

గురువులకు ఒక విన్నపం. పెద్ద విద్యార్థికి నెలకొక కృతి చెప్పి సంతోషపెట్టవద్దు. అతను కోరకపోయినా ఆపి, రిషభం తప్పిందని చెప్పండి. పదిసార్లు అనిపించండి. ఆన్‌లైన్ పాఠాల్లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి పాడటం కుదరదు, అందువల్ల కాలం తప్పినా చాలాసార్లు పట్టుబడదు. వారానికొకసారి తాళంతో సహా రికార్డు చేసి పంపమనండి, దాన్ని విని ఒక్క తప్పు చెప్పినా చాలు. మేము నొచ్చుకుంటామన్న భయం వద్దు. ఉద్యోగాల్లో, సంసారాల్లో ఇంతకంటే కటువైన మాటలు పడి వచ్చినవాళ్లం.

మా ఊళ్లో ఏటా పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. త్యాగరాజు అయిదు పెద్ద కృతులైన ఘనరాగ పంచరత్నాలు పాడేటప్పుడు విద్వాంసుల వెనక వరసల్లో నావంటివారికి కూడా చోటిస్తారు. నిరుడు నాట, గౌళ రాగాల కృతుల వరకు ఎలాగో వెంట నడిచి, ఆరభి మొదలైన కాసేపటికి కమాను ఒళ్లో పెట్టుకున్నాను. నా ముందు కూర్చున్న ఒక పెద్దావిడ, అరవై దాటే ఉంటుంది, వరాళి, శ్రీరాగం కూడా ఎక్కడా ఆగకుండా వాయించింది. అయ్యాక పలకరిస్తే యాభై రెండో ఏట మొదలుపెట్టానని చెప్పింది. ఈ ఏడాది ఆరభిలో మొదటి మూడు చరణాల స్వరాలు నాకు రెండో కాలంలో వస్తున్నాయి. నాలుగోది ఇంకా రాలేదు. ఆరాధనకు పదకొండు వారాలుంది.