ఎడంచేతి పిల్లలకు ఎడంచేతి గిటారే కొనండి

నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా, ఎడమచేతి వాటం పిల్లల్ని తీసుకుని ఎలక్ట్రిక్ గిటార్ కొనడానికి వెళ్తే ఒకటే మాట. "అట్టాంటియి మా దగ్గరికి రావు సార్, రైట్‌ది తీసుకోండి, తీగలు తిప్పి కట్టిస్తాం." క్లాసులో చేర్పిద్దామంటే మాస్టారు ఇంకోటి చెప్తారు. "రెండు చేతులకీ పనే కదమ్మా, రైట్‌లోనే నేర్చుకోనీండి." మా అక్క కొడుకు ఈ రెండు మాటలూ విని వచ్చాడు. నాకు చాలా కోపం వచ్చింది, అందుకే రాస్తున్నా.

రెండు చేతులకీ పనుంది, నిజమే. కానీ ఆ రెండు పనులూ ఒకటి కాదు. ఒక చెయ్యి తీగ నొక్కుతుంది, ఇంకోటి మీటుతుంది. లయ, గట్టిగా మీటాలా మెత్తగా మీటాలా, ఎక్కడ ఆపాలి, అన్నీ మీటే చేతిలోనే ఉంటాయి. ఏ చెయ్యో తేల్చుకోవడం కూడా తేలికే. నచ్చిన పాట పెట్టి, చేతికి బ్యాడ్మింటన్ రాకెట్ ఇచ్చి, గిటార్ వాయిస్తున్నట్టు ఆడమనండి. మావాడు ఆలోచించకుండా హ్యాండిల్ కుడిచేత్తో పట్టుకుని, ఎడంచేత్తో మీటడం మొదలుపెట్టాడు. ఇక వాడికి వేరే పరీక్ష దేనికి?

పేరున్న గిటారిస్టులు మార్క్ నాఫ్లర్, గ్యారీ మూర్ ఎడంచేతి వాటం వాళ్లే, కుడిచేతి పద్ధతిలోనే గొప్పగా వాయించారు. అలా హాయిగా కుదిరినవాళ్లు, ఇప్పటికే కొన్నేళ్లు రైట్‌లో సాధన చేసినవాళ్లు మార్చుకోవక్కర్లేదు. కానీ షాపులో స్టాక్ లేదని పిల్లాడి చెయ్యి మార్పించడం అన్యాయం. మన కచేరీల్లోనే చూడండి. పళని సుబ్రమణియ పిళ్ళై ఎడంచేతి వాటం మృదంగ విద్వాంసులు. అలాంటి వాళ్లు వాయించేటప్పుడు వేదిక మీద వయొలిన్, మృదంగం వైపులు మార్చుకుంటాయి. విద్వాంసుడి చేతి కోసం వేదికే సర్దుకుంటుంది.

మృదంగాన్ని అటు తిప్పుకుంటే సరిపోతుంది, గిటార్‌కు అలా కుదరదు. "జిమీ హెండ్రిక్స్ తిప్పే వాయించాడు కదా" అంటారు షాపుల్లో. ఆ పేరున్న గిటారిస్టు వాయించిన స్ట్రాటోక్యాస్టర్ మోడల్‌కు మెడ బాడీని కలిసే చోట రెండు పక్కలా కోత ఉంటుంది కాబట్టి బాడీ వైపు ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) చేతికి అందుతాయి. ఒక పక్కే కోత ఉండే లెస్ పాల్ రకాన్ని తిప్పితే కోత పైకి పోతుంది, కింద చెయ్యి బాడీకి తగిలి ఆగిపోతుంది. ఇక నట్ సంగతి. మెడ చివర తీగలు కూర్చునే ఆ చిన్న ముక్కలో ఒక్కో తీగకు ఒక్కో సైజు గాడి కోస్తారు. మామూలు సన్న సెట్‌లో మొదటి తీగ 0.009 అంగుళం, ఆరోది 0.042. తిప్పి కడితే లావు తీగ గాడిలో దిగదు, సన్న తీగ గాడిలో అటూ ఇటూ కదిలి జీరపోతుంది. ఎంత శ్రుతి చేసినా నిలవదు. నట్ మార్చితే ఇది తీరుతుంది, కానీ షాపులో ఆ మాట ఎత్తరు. మెడ అంచున వాయించేవాళ్లకు కనబడాల్సిన చుక్కలు కిందికి పోతాయి. నాబ్‌లు మోచేతి కిందికి వస్తాయి, మీటినప్పుడల్లా వాల్యూమ్ కదులుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు అది తమ చేతకానితనం అనుకుంటారు. నా బాధంతా అదే.

యమహా పసిఫికా 112, స్క్వైర్ అఫినిటీ స్ట్రాట్, ఐబానెజ్ జీఆర్‌జీ 170, వీటన్నిటిలో ఎడంచేతి మోడళ్లు వచ్చాయి. చెన్నైలో పెద్ద షాపులకు ముందే ఫోన్ చేసి, స్టాక్ ఉందన్నాకే రైలెక్కండి. ఆన్‌లైన్‌లో అయితే ఫొటోను నమ్మకండి, చాలాచోట్ల రైట్‌ది బొమ్మే పెడతారు. లెఫ్ట్ హ్యాండ్ అని రాసి ఉందో లేదో చూసి, వాపసు గడువు కూడా కనుక్కోండి. మొదటి గిటార్‌కు తీగ శబ్దాన్ని పట్టే పికప్‌లలో బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గరది హంబకర్ (రెండు కాయిళ్లది), మిగతా రెండూ సింగిల్ కాయిల్ ఉన్నది మేలు, ఏ రకం పాటకైనా పనికొస్తుంది. ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ (స్ప్రింగుల మీద కదిలే రకం) జోలికి ఇప్పుడే వద్దు, ఒక్క తీగ తెగితే శ్రుతి అంతా పోతుంది. వేళ్లు చిన్నవైతే 24.75 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) ఉన్నది 25.5 కన్నా సులువు.

గిటార్ రాగానే 12వ ఫ్రెట్ మీద తీగను ముట్టీముట్టనట్టు తాకి ఒకసారి, నొక్కి ఒకసారి మీటండి. ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాలి, తేడా వస్తే సెటప్ చేయించాలి. వాల్యూమ్ నాబ్ మెల్లగా తిప్పండి. ధ్వని కొంచెం కొంచెంగా పెరగాలి. మొదట్లోనే ఒక్కసారిగా విరుచుకుపడితే కుడిచేతి పాట్ (నాబ్ కింద ఉండే భాగం) వేశారన్నమాట, దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. ఆంప్, కేబుల్, పిక్, తీగల సెట్‌లలో ఎడమ కుడి తేడా లేదు. ఎడంచేతిదని చెప్పి వీటికి ఎవరైనా ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

మాస్టార్లకు ఒక విన్నపం. ఎడంచేతి శిష్యుడు మీకు ఎదురుగా కూర్చుంటే మీ చేతులు వాడికి అద్దంలో చూసినట్టే కనబడతాయి, నేర్పడం ఇంకా తేలిక. ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెలతో రాసేది) మార్చాల్సిన పనే లేదు, వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపే కార్డ్ బొమ్మలు మాత్రం తిరగేసి గీసివ్వాలి.

కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరింట్లోనైనా ఎడంచేతి ఎలక్ట్రిక్ గిటార్ వాడకుండా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మావాడికి కావాలి. వాడికి కుదరకపోతే, అడుగుతున్న ఇంకో పిల్లకు ఇప్పిస్తాను.